లెక్కకు రాని ముప్పై తొమ్మిది గంటలు

గురువారం ఉదయం పదీ ఇరవైకి టీచరమ్మ ఆసుపత్రి మెట్లెక్కుతుంటే, పై మెట్టు మీద ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు. అడ్డంగా నిలబడటం అతనికి ఉద్యోగంతో వచ్చిన అలవాటు కాదు. బళ్ళో చదువుకునే రోజుల్లోనే ఉంది. ఈవిడ క్లాసులో మూడో బెంచీ, గుమ్మం పక్కన. సైన్సులో ముప్పై ఆరు మార్కులు. ఆ ముప్పై ఆరూ కూడా ఈవిడ దయే.

ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక చిక్కుముళ్ళ కేసులు పట్టుకుందావిడ. పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. అందరికీ టీచరమ్మే.

"నాలుగింటికి జడ్జిగారి ముందు పెడుతున్నాను టీచర్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఈలోగా మీరేం కెలుక్కున్నా నాకు అభ్యంతరం లేదు. నా ఖైదీని మాత్రం కదపకండి."

"ఎక్కడుంది నీ ఖైదీ?"

"ఏడో గదిలో. నిన్న మధ్యాహ్నం స్టేషన్లో కళ్ళు తిరిగి పడిపోయింది. నాటకమనుకున్నా. చూస్తే ప్రెజరు రెండొందల ఇరవై. తీసుకొచ్చి ఇక్కడే చేర్పించాను. తలుపు దగ్గర కానిస్టేబులు ఉన్నాడు."

కేసు చూడబోతే నున్నగా ఉంది, అదే టీచరమ్మకు నచ్చలేదు. కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ యజమాని, డెబ్భై ఏళ్ళ ముసలాయన, రక్తపోటు దిగక పన్నెండో గదిలో చేరాడు. మంగళవారం ఉదయం ఎనిమిదికి నర్సు ఆయనకు ప్రెజరు దించే మందు డ్రిప్ పెట్టింది. తొమ్మిదీ నలభైకి ప్రాణం పోయింది. సంచిలో మిగిలిన మందులో సయనైడు బయటపడింది. ముందురోజే ముసలాయన ఆ నర్సు మీద గ్లాసు విసిరాడు. ఆవిడ నలుగురి ముందూ, "ఈయన పోతేగానీ ఈ వార్డు ఊపిరి పీల్చుకోదు," అంది. ఇంక ఇన్‌స్పెక్టరుకు ఏం కావాలి? బుధవారం పొద్దున్నే పట్టుకుపోయాడు.

ఆ నర్సు తమ్ముడు ఇదే ఆసుపత్రిలో కాంపౌండరు. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా టీచరమ్మ ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. తల్లీ తండ్రీ పోయినప్పుడు అతనికి ఆరేళ్ళు, అక్కకు పద్దెనిమిది. చదివించింది, ఉద్యోగం వేయించింది, పెళ్ళి చేసింది. "మా అక్క చీమను కూడా చీపురుతో పక్కకి నెడుతుందమ్మా, తొక్కదు," అని ఏడ్చాడు. టీచరమ్మకు ఏడుపులంటే చిరాకు. అయినా కేసు ఒప్పుకుంది.

"ల్యాబ్ రిపోర్టు చదివావా?" అంది ఇప్పుడు, చేతిసంచిలోంచి కాగితం తీస్తూ.

"సయనైడు అని ఉంది. చాలదా?"

"మొదటి లైను చదివి పరీక్ష రాసే బుద్ధి పోలేదన్నమాట. రబ్బరు మూతకి సూది కన్నం ఒక్కటే ఉంది. మందు కలిపినప్పుడు పడింది అది. నర్సు విషం ఎక్కిస్తే రెండో కన్నం ఏది?"

"అదే కన్నంలోంచి దూర్చి ఉంటుంది."

"భూతద్దంతో వెతికితే గానీ ల్యాబ్ వాళ్ళకే దొరకలేదు. సరే, వదిలెయ్. కలిపిన మందులో సగం కూడా మిగల్లేదని రాశారు. మిగతాది ఏమైంది?"

"వేడికి పాడైపోయి ఉంటుంది. వంటగదిలో మైక్రోవేవ్ ఉంది. నడుంనొప్పి వాళ్ళకి కాపడం పెట్టే ఎర్ర దీపం ఉంది. ఎక్కడో వెచ్చబెట్టి ఉంటారు."

టీచరమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. చేతిలో సుద్దముక్క లేదన్న లోటు తప్ప, ఆవిడకు అది క్లాసురూమే.

"మైక్రోవేవ్ నీళ్ళ అణువుల్ని పట్టుకుని గింగిరాలు తిప్పుతుంది. తిరిగి తిరిగి, ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కుతాయి. ఆ ఎర్ర దీపంలోంచి వచ్చే పరారుణ కిరణాలకి ఇంకాస్త బలం. అవి అణువులోని బంధాల్ని పట్టి ఊపుతాయి. ఊగుతాయిగానీ తెగవు. ఈ మందు ఇంత పాడవ్వాలంటే సంచి ఉడికిపోవాలి. సంచి చెక్కుచెదరలేదు. నీలి వెలుగు సంగతి వేరు. అది అణువులోపలి ఎలక్ట్రాన్ని ఎత్తి పై మెట్టు మీద పడేస్తుంది. బంధాన్ని పట్టుకుని ఉండేదే ఆ ఎలక్ట్రాను. అది చోటు మారితే ముడి ఊడుతుంది. ఎంత వెలుగు పడిందన్నది తర్వాత, ఏ వెలుగు పడిందన్నది ముందు. ఎనిమిదో పాఠం. నువ్వు ఆ రోజు రాలేదేమో."

"ముడి ఊడితే?"

"ఈ మందు అణువులో మధ్యన ఇనుము ఉంటుంది. దానికి అయిదు సయనైడు ముక్కలు కట్టి ఉంటాయి. కట్టి ఉన్నంతసేపూ బుద్ధిమంతులే. వెలుగు తగిలి ఊడాయా, విషం. కలిపినప్పుడు లేత ఇటుకరంగులో ఉండే మందు చివరికి నీలం తిరుగుతుంది. రిపోర్టులో ఆఖరి లైను చూడు. 'ద్రవం నీలిఛాయలో ఉన్నది.' ఎవరూ విషం వెయ్యలేదయ్యా. మందే విషమైంది."

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని ఆఖరి లైను రెండుసార్లు చదివాడు. తెలివితక్కువవాడేం కాదు, తొందరెక్కువ అంతే.

"వెలుగు తగలకూడదనే కదా సంచికి ఆ వెండిరంగు ఫాయిల్ చుడతారు? చుట్టే ఉంది. నా దగ్గర ఫోటోలున్నాయి."

"అదే నాకూ అంతు చిక్కలేదు."

"ఒకవేళ ఎవరో విప్పి వెలుగులో పెట్టి మళ్ళీ చుట్టారనుకోండి. వెలుగు తగిలితే విషమవుతుందని ఈ ఆసుపత్రిలో తెలిసేది ఎవరికి? నర్సుకి. మీరు కష్టపడి నా కేసే గట్టి చేస్తున్నారు టీచర్," అని నవ్వి పక్కకు జరిగాడు.

మాట తగలాల్సిన చోటే తగిలింది. టీచరమ్మ లోపలికి నడిచింది.

మందుల గది నడవ చివర ఉంది. కిటికీ లేదు. తలుపు బార్లా తీసి, నడవలోంచి వచ్చే వెలుతురులోనే కాంపౌండరు సీసాలు సర్దుకుంటున్నాడు. ఆవిణ్ణి చూడగానే స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.

"లైటు ఏమైంది నాయనా?"

"ట్యూబు సోమవారం పొద్దున్న పోయిందమ్మా. చీటీ పెట్టాను. ఇవాళ వస్తారు, రేపు వస్తారు."

"మందులు ఎప్పుడు కలుపుతావు?"

"సాయంత్రం ఆరింటికి కూర్చుంటాను. మర్నాటికి కావలసిన డ్రిప్పులన్నీ కలిపేసి ఆరున్నరకు ఇంటికెళ్తాను. పొద్దున్న ఏడున్నరకు వచ్చి ఏ గదివి ఆ గదికి ఇచ్చేస్తాను."

"పన్నెండో గది సంచి కూడా అంతేనా?"

"అంతేనమ్మా. సోమవారం సాయంత్రం కలిపాను. మంగళవారం పొద్దున్న అక్కే వచ్చి పట్టుకెళ్ళింది."

"ఫాయిల్ చుట్టే ఇచ్చావా?"

"నా చేత్తో చుట్టి ఇచ్చాను. ఒట్టు."

"రాత్రి ఈ గది తాళం ఎవరి దగ్గర?"

"నా దగ్గరొకటి, ఆఫీసులో ఒకటి. ఆఫీసుది సీలు వేసిన కవర్లో ఉంటుంది. ఇన్‌స్పెక్టరుగారు చూశారు, సీలు తియ్యలేదట."

టీచరమ్మ గది నాలుగు మూలలూ చూసింది. బల్ల. సీసాల అరలు. అడుగు అరలో మూల కొరికేసిన ప్లాస్టిక్ సంచి ఒకటి. మూలన దుప్పటి కప్పిన స్టాండు ఏదో. చిన్న ఫ్రిజ్, తీస్తే టీకామందులతో కిక్కిరిసి ఉంది, వేలు పెట్టే చోటు లేదు. అన్నీ చూసింది, అన్నీ పుస్తకంలో రాసుకుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటి మాత్రం అడగలేదు. ఫాయిల్ చుట్టావా అంది గానీ, ఎప్పుడు చుట్టావనలేదు. ఆ సంగతి తలచుకుని ఆవిడ తర్వాత తనను తాను చాలా తిట్టుకుంది. పిల్లల్ని కూడా ఎప్పుడూ అన్ని మాటలనలేదు.

పదీ యాభైకి బయటికొచ్చి, నడవలో గోడకానుకుని ఆలోచించింది. మామూలు ట్యూబులైటు కింద ఒక్క రాత్రిలో మందు సగానికి పడిపోదు. బలమైన నీలి వెలుగు దగ్గరగా పడాలి, గంటల తరబడి. ఆసుపత్రిలో అలాంటి వెలుగు ఎక్కడుంటుంది? రెండు నిమిషాల తర్వాత నెత్తిమీద తట్టుకుని పసిపిల్లల వార్డు వైపు నడిచింది.

"చెప్పులు బయట, మాట మెల్లగా," అంది అక్కడి పెద్ద నర్సు, తల ఎత్తకుండానే. లోపల రెండు నీలి దీపాల కింద, కళ్ళకు గంతలు కట్టుకుని ఇద్దరు పసికందులు హాయిగా నిద్రపోతున్నారు.

"కామెర్లా?"

"ఆఁ. రెండ్రోజుల్లో దిగిపోతాయి. ఈ వెలుగు ఒంట్లోని పసుపు అణువు వంపు మార్చేస్తుందట. వంపు మారితే నీళ్ళలో కరిగి బయటికి పోతుంది. మందూ లేదు, మాకూ లేదు."

"ఈ దీపాలు ఎన్ని గంటలు వెలిగాయో లెక్క ఉంటుందా?"

పెద్ద నర్సుకు ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు జన్మలో తగిలినట్టు లేరు. ముఖం విప్పారింది. "ఉండకపోతే ఎలాగండీ? వీటి బలం తగ్గిపోతుంది. కంటికి మాత్రం వెలుగుతున్నట్టే ఉంటాయి, పని చెయ్యవు. మా ఆఫీసులోనూ ఉన్నారు అలాంటివాళ్ళు. అందుకని ప్రతి దీపానికీ గంటల మీటరుంటుంది. బిడ్డను పడుకోబెట్టినప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి రాసుకుంటాం. ఏ గంట ఏ బిడ్డదో ఈ పుస్తకంలో ఉంటుంది."

పుస్తకంలో మూడు దీపాల పేజీలున్నాయి. వార్డులో దీపాలు రెండే.

"మూడోది?"

"సోమవారం మధ్యాహ్నం కాంపౌండరు బతిమాలి పట్టుకెళ్ళాడు. గదిలో లైటు లేదట, రెండు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. పాపం, అక్క గొడవలో మర్చిపోయినట్టున్నాడు."

మూడో దీపం పేజీలో ఆఖరి లైను ఆదివారం సాయంత్రానిది. మీటరు 1412.

టీచరమ్మ చెప్పులు వేసుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. దుప్పటి కప్పిన ఆ స్టాండు కళ్ళముందు మెదిలింది. తాళం అతని దగ్గర. మందు కలిపింది అతను. దీపం తెచ్చింది అతను. గుమ్మంలో కూర్చుని ఏడ్చిందీ అతనే. మనుషుల్ని నమ్మడం తన పని కాదని ఆవిడకు తెలుసు. అయినా ఒళ్ళు మండింది.

మందుల గదిలోకి వెళుతూనే దుప్పటి లాగేసింది. నీలి దీపం. కాళ్ళ దగ్గర మీటరు. వంగి చూసింది.

1451.

ముప్పై తొమ్మిది గంటలు. ఏ బిడ్డవీ కావు. ఆవిడ మనసులోనే భాగించింది. సోమవారం రాత్రి, మంగళవారం రాత్రి, బుధవారం రాత్రి. మూడు పదమూళ్ళు. సాయంత్రం ఆరున్నర నుంచి పొద్దున్న ఏడున్నర దాకా, నిమిషం తేడా లేకుండా. చంపేవాడు ఒక్క రాత్రితో సరిపెట్టుకుంటాడు. ముసలాయన పోయాక కూడా రెండు రాత్రులు డ్యూటీ చేసినట్టు చేస్తాడా?

"ఈ దీపం రాత్రంతా ఎందుకు వేస్తున్నావు?"

కాంపౌండరు తడబడలేదు. "ఎలుకలమ్మా. చీకటైతే చాలు, సంచులు కొరికేస్తున్నాయి. వెలుగుంటే రావు. ఫ్రిజ్‌లో చోటు లేదు, సంచులు బల్లమీదే పెట్టాలి. మామూలు బల్బు పెడదామనుకున్నా గానీ వేడికి మందు పాడవుతుందేమోనని భయం. ఇదైతే చల్లగా ఉంటుంది, చెయ్యి పెట్టి చూడండి. పసిపిల్లలకే పెడతారు, మందుకేం అవుతుంది?"

"మరి ఫాయిల్?"

"పొద్దున్న ఇచ్చేముందు చుడతాను. గదుల్లో వేడిగా ఉంటుంది కదా, మందు చల్లదనం పోకుండా."

టీచరమ్మ స్టూలు మీద కూర్చుంది. ఆ ఫాయిల్ వేడిని ఆపడానికి అనుకున్నాడు. ఈ ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళ నుంచీ అలాగే అనుకుంటున్నాడు. ఆరేళ్ళూ గడిచింది, ఎందుకంటే రాత్రి లైటు తీసేసి ఇంటికెళ్ళేవాడు. వేడి బల్బు పెట్టి ఉంటే మందు ఈపాటికి చాలావరకు బాగానే ఉండేది. జాగ్రత్తపడి, చల్లగా ఉందని, ఆసుపత్రి మొత్తంలో పెట్టకూడని దీపాన్ని ఏరి తెచ్చి పెట్టాడు.

"చుట్టేటప్పుడు మందు రంగు చూడలేదా?"

"ఈ వెలుతురులో అన్నీ నీలంగానే ఉంటాయి కదమ్మా."

"మిగతా మందులకేం కాదు. ఆ ప్రెజరు మందు ఒక్కటే..." అంటూ ఆవిడ ఠక్కున ఆగింది. మూడో రాత్రి. "నిన్న సాయంత్రం ఆ మందు మళ్ళీ కలిపావా?"

"కలిపాను. మాత్రలతో దిగకపోతే పొద్దున్న డ్రిప్ పెడదామన్నారు డాక్టరుగారు. దిగలేదు. పదీ నలభైకి పెట్టారు."

"ఎవరికి?"

"అక్కకి."

గడియారం పదకొండూ పన్నెండు. ఆ మందు మీద ఆసుపత్రిలో ఎవరికీ అనుమానం లేదు. విషం నర్సు వేసిందని అందరూ నమ్మాక, మందును ఎవరు అనుమానిస్తారు? టీచరమ్మ అరవై రెండేళ్ళ మోకాళ్ళను లెక్కచెయ్యకుండా పరుగెత్తింది. వెనక కాంపౌండరు, ఏమైందో అర్థం కాక, "అమ్మా, ఏమైందమ్మా," అంటూ వస్తున్నాడు.

ఏడో గది గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. మళ్ళీ అడ్డంగా.

"ఖైదీని కదపొద్దని చెప్పానా లేదా?"

"తప్పుకో!" బళ్ళో మూడు వందల మందిని ఒక్క అరుపుతో కూర్చోబెట్టిన గొంతు అది. ఇన్‌స్పెక్టరు కాళ్ళు అతని అనుమతి లేకుండానే పక్కకు జరిగాయి. మంచం మీద నర్సు నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. టీచరమ్మ గొట్టం మీది చక్రం తిప్పి డ్రిప్ ఆపేసింది. సంచికి చుట్టిన ఫాయిల్ పర్రున చించింది. ఒక పొర. దాని కింద ఇంకో పొర. అదీ చించితే, లోపల మందు నీలంగా ఉంది.

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం చూశాడు. అంతే, "డాక్టర్!" అని నడవ దద్దరిల్లేలా అరుస్తూ తనే పరుగెత్తాడు. ఆ ఒక్క పరుగుకు టీచరమ్మ అతనికి ఇంకో పది మార్కులు వేసేది.

విరుగుడు పడింది. ఆక్సిజను పెట్టారు. పదకొండూ నలభైకి నర్సు పెదాలకు రంగొచ్చింది. గండం గడిచిందని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

గోడ పక్కన నేల మీద కూర్చుని, కాంపౌండరు మొత్తం చెప్పాడు. ట్యూబు, ఎలుకలు, దీపం, ఫాయిల్. ఇన్‌స్పెక్టరు మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు.

"అక్కకని రెండు పొరలు చుట్టాను సార్," అన్నాడు చివరికి. "మిగతావాళ్ళకి ఒకటే." అని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"అంటే హత్య కాదన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాదు," అంది టీచరమ్మ. "నిన్న రాత్రి ఈవిడ నీ కాపలాలో మంచం మీద ఉంది. దీపం వెలిగింది, మందు విషమైంది. ఈవిడ వెయ్యలేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?"

"ఒప్పుకుంటాను. కానీ మనిషి చచ్చిపోయాడు టీచర్. కావాలని చేసినా, చేతకాక చేసినా, నాలుగింటికి నాతో ఎవరో ఒకరు రావాలి." అతని చూపు నేల మీద కూర్చున్న మనిషి మీద ఆగింది. గొంతులో కోపం లేదు. "లేవయ్యా."

"ఇన్‌స్పెక్టరుగారూ."

మంచం మీంచి వచ్చింది ఆ మాట. ఆక్సిజను గొట్టం పక్కకు లాగేసుకుని, మోచేయి ఆన్చి లేవబోతోంది నర్సు. ఎప్పటినుంచి వింటోందో ఎవరికీ తెలియదు.

"వాడికి మతి పోయింది, ఏదేదో వాగుతున్నాడు. నేనే వేశాను. సూదితో."

"అక్కా!"

"నువ్వు నోర్ముయ్యరా. ఇంటికెళ్ళు. పిల్లలు అన్నానికి బడినుంచొచ్చే వేళవుతోంది."

"అబద్ధం చెప్పకమ్మా," అంది టీచరమ్మ. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు బతిమాలుతున్నట్టుగా వచ్చింది. "రుజువులన్నీ నా దగ్గరున్నాయి. నువ్వు బయటపడ్డావు."

"మీ రుజువులు నన్నొదిలి వాణ్ణి పట్టుకుంటాయి టీచరమ్మా. అలాంటివి నాకొద్దు." నర్సు ఊపిరి అందక ఆగింది. మళ్ళీ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "నా మీద గ్లాసు విసిరాడు, కోపమొచ్చింది, చంపాను. ఇందాకటిదాకా మీరు నమ్మింది ఇదే కదండీ? ఇప్పుడు నేను ఒప్పుకుంటున్నాను. రాసుకోండి."

టీచరమ్మ సంచిలో ల్యాబ్ రిపోర్టు ఉంది, మీటరు లెక్క రాసిన పుస్తకం ఉంది. అక్కను విడిపించే ప్రతి కాగితమూ తమ్ముణ్ణి లోపల వేసేదే. ఏది బయటికి తియ్యాలో ఆవిడకు తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు టీచరమ్మ వంక చూశాడు, కింద కూర్చున్నవాడి వంక చూశాడు. తర్వాత కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, జేబులోంచి పెన్ను తీశాడు.

"మళ్ళీ చెప్పమ్మా," అన్నాడు. "మెల్లగా చెప్పు."